తూము కింద ఇటుక పెచ్చు

నేను రాసిన మొదటి పెద్ద ప్రోగ్రాం మా నాన్న మీద సాక్ష్యం చెప్పింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, ఆ రోజు బాపట్లలో మా కాలేజీ కంప్యూటర్ గదిలోంచి బయటికొచ్చి, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి, స్టేషన్‌కి సగం దూరం వట్టి కాళ్లతో నడిచాను.

మా నాన్న కాలువ మీద లస్కరు. కాలువ గట్టున ఉండే తూములకి తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. తెనాలికి ఎగువన, సంగం జాగర్లమూడి దగ్గర్లో పెద్ద కాలువలోంచి చీలి, రేపల్లె దాటి ఉప్పునేలల దాకా పోయే చిన్న కాలువ మాది. దాని మీద నలభై ఒక్క తూములు, పదకొండు మంది లస్కర్లు. ఆఖరి మూడు తూములూ మా నాన్నవి. అవి దాటాక శివారు పొలాలు. రేపల్లెకి ఇవతల, గట్టు మీద ఉన్న పెంకుటింటి క్వార్టర్లోనే నేను పుట్టి పెరిగాను. తలుపు మర తిప్పే ఇనప హ్యాండిలు మా ఇంట్లో మంచం కింద ఉండేది. చీకట్లో దాన్ని తన్నుకోని వేలు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఎనభైల్లో, నేను బళ్లో చదువుకునే రోజుల్లో, వంతులనే మాట ఏ కరువు ఏడో తప్ప వినపడేది కాదు. తొంభైల్లో ఏటా తప్పలేదు. కాలువకి నీళ్లు చాలక, ఐదు రోజులు పైవాళ్లకి, ఐదు రోజులు శివారు వాళ్లకి అని వంతులు పెట్టారు. శివారు వంతు మొదలవగానే పైన ఉన్న నలభై ఒక్క తూములూ కట్టేయాలి. అప్పుడు నీళ్లన్నీ తిన్నగా చివరిదాకా పోతాయి. లస్కర్లందరూ ఎవరి రిజిస్టర్లో వాళ్లు 'కట్టాను' అని రాసి సంతకం పెట్టాలి.

నేను బాపట్లలో ఎం.సి.ఏ. ఆఖరి ఏడు చదువుతున్నప్పుడు, నారుమళ్లు పోసే కాలంలో, కాలువకి ఎప్పటికంటే కాస్త తక్కువ నీరు వదిలినప్పుడు, ఒక శివారు వంతు పూర్తిగా ఎండిపోయింది. ఐదో రోజు పొద్దుగూకే వేళకి చివరి కొలబద్ద దగ్గర మట్టి తడిసింది, అంతే. మర్నాడు మళ్లీ పైవాళ్ల వంతు. రైతులు తెనాలి వెళ్లి ఇంజనీరుగారికి అర్జీ పెట్టుకున్నారు. ఆయన కాగితం మీద లెక్క వేశారు. పైన ఇంత నీరు వదిలాం, నలభై ఒక్క తూములూ కట్టినట్టు రిజిస్టర్లలో ఉంది, కాబట్టి రెండో రోజు సాయంత్రానికి నీరు చివరికి చేరి తీరాలి. చేరలేదంటే మధ్యలో ఎవరో తూము ఎత్తారు. ఎవరు? చివరి దాకా పోని నీరు ఎవరి దగ్గర ఆగినట్టు? చివర్న ఉన్నవాడి దగ్గర. అలా మా నాన్న పేరు మీద మెమో వచ్చింది.

వంతు కాని రోజుల్లో తూములు ఎత్తి నీళ్లు వదిలినందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పుకోవాలని అందులో ఉంది. విచారణకి ఏడు వారాల గడువు. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు గట్టు మీద ఇల్లూ పోతుంది. అమ్మ ఆ ఇంటి గురించి ఏడ్చింది. నాన్నకి ఇల్లు గుర్తున్నట్టే లేదు.

"కట్టానని నా చేత్తో రాశా. కట్టలేదంటన్నారు," అన్నాడు. ఆ మాటే వారంలో ఇరవైసార్లు అన్నాడు. ఆదివారం చర్చికి కూడా రాలేదు. పక్కన కూర్చునే వాళ్లు ఏమనుకుంటారోనని కాదు, ప్రార్థనలో ఏం అడగాలో తెలియడం లేదన్నాడు.

నాకు కోపం వచ్చింది. చిన్నప్పటి నుంచీ నాకు కోపం వస్తే ఏడుపు రాదు, పని చేయబుద్ధవుతుంది. ఇంజనీరుగారు కాగితం మీద లెక్కతో మా నాన్నని దొంగని చేశారు గదా, నేను కంప్యూటర్‌తో ఆ లెక్క తప్పని చూపిస్తాను అనుకున్నాను. సోమవారం పొద్దున్నే రేపల్లె నుంచి పాసింజరెక్కి, తెనాలిలో బండి మారి బాపట్ల చేరి, నా ప్రాజెక్టు చూసే మాస్టారి ముందు నిలబడ్డాను.

"లైబ్రరీ పుస్తకాల ప్రాజెక్టు మానేస్తానండి. కాలువ చేస్తాను," అన్నాను.

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "కాలువేంటమ్మా? సగం అయిపోయింది గదా పుస్తకాలది," అన్నారు.

మెమో సంగతి చెప్పాను. ఆయన చేతికంటిన సుద్ద దులుపుకున్నారు. "ఏడు వారాల్లో అవుతుందా?" అన్నారు.

"అవ్వాలండి."

మా మాస్టారిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. కాదు అనాల్సిన చోట కూడా ఆయన సుద్దముక్క తీసుకుంటారు.

మొదటి రెండు వారాలు నా తెలివితక్కువతనానికే సరిపోయాయి. తూములన్నీ ఒక రకం కావు. కొన్నిటికి మర తిప్పే ఇనప తలుపులు, కొన్నిటికి గాడిలో దించే చెక్క పలకలు, కొన్ని వట్టి సిమెంటు గొట్టాలు, వాటికి మూతలు. నేను అన్నిటినీ ఒకే చోట కుక్కి, ఇది మర తూమైతే ఇలా, పలక తూమైతే అలా, గొట్టమైతే ఇంకోలా అని పేజీలకి పేజీలు రాశాను. ఒక తూము దిద్దితే నాలుగు తూములు పాడయ్యేవి. ఒకరోజు కాలువలో నీళ్లు కిందనుంచి పైకి ప్రవహించాయి. రేపల్లె నుంచి తెనాలికి నీళ్లు పంపగలిగిన మనిషిని కాలేజీలో నేనొక్కదాన్నేనని స్నేహితులు ఏడిపించారు.

మాస్టారు నా కాగితాలు పక్కన పడేసి, బోర్డు దగ్గరికి పిలిచారు.

"అన్ని తూములకీ ఉమ్మడిగా ఉన్నదేంటి?"

"నీళ్లు పోతాయండి. ఎత్తుతారు, కడతారు."

"అంతేగా. అంతవరకూ తల్లి క్లాసులో రాయి. మరదీ పలకదీ గొట్టందీ పిల్ల క్లాసులు. తల్లికి ఉన్నదంతా వాటికి వారసత్వంగా వస్తుంది, మళ్లీ రాయక్కర్లేదు. వాటికి ప్రత్యేకం ఏదన్నా ఉంటే అదొక్కటే అవి రాసుకుంటాయి. కాలువకి తూము ఏ రకమైతే ఏంటి? 'కట్టు' అంటుంది. ఎట్టా కట్టాలో ఆ తూముకి తెలుసు."

క్లాసంటే ప్రోగ్రాంలో ఒక రకం వస్తువుకి రాసుకునే నమూనా. నాకు అది కొత్త పాఠంలా లేదు. వంతు మారే రోజున పైనుంచి కబురు వచ్చేది. ఆ కబురులో ఉండేది ఒకటే మాట, కట్టేయండి అని. ఒకాయన హ్యాండిలు తిప్పేవాడు, ఒకాయన పలకలు దించి సందుల్లో గడ్డీ బురదా కుక్కేవాడు, ఒకాయన గొట్టానికి మూత బిగించి దాని మీద కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. చెప్పేవాడికి ఇవేవీ తెలియక్కర్లేదు. దీనికి మా పుస్తకంలో బహురూపత అని నోరు తిరగని పేరుంది. నేను దాన్ని గట్టు మీద గౌను వేసుకున్నప్పటి నుంచీ చూస్తున్నాను.

రాసినదంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. కాలువని ముక్కలుగా చేశాను. ప్రతి ముక్కా గంటకోసారి తన దగ్గరున్న నీరు చూసుకుని, తూముని అడిగి, మిగిలింది కింది ముక్కకి ఇస్తుంది. తల్లి క్లాసులో 'కట్టు' అనే చోట ఒకే ఒక్క లైను రాశాను: కడితే తూములోంచి పోయే నీరు సున్నా. ఆ లైను రాయడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పలక తూములకి మాత్రం సందుల్లోంచి కాస్త కారుతుందని విడిగా రాశాను. తక్కిన వాటికి తల్లి సున్నాయే వారసత్వంగా పోయింది.

నడిపి చూస్తే పలక తూములు కూడా చుక్క కారడం లేదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. మాస్టారు వచ్చి, వెనక నిలబడి చూసి, "తల్లి దగ్గర వర్చువల్ అని పెట్టావా?" అన్నారు. పెట్టలేదు. ఆ ఒక్క మాట లేకపోతే కాలువ పిల్లని అడగదు, తల్లినే అడిగి ఊరుకుంటుంది. మాట చేర్చాను. పలక తూములు కారడం మొదలుపెట్టాయి. ఇక అంతా సరిపోయిందని, పైన ఎంత నీరు వదిలారో ఆ అంకెలు ఇచ్చి, శివారు వంతు మొదలుపెట్టాను.

రెండో రోజు సాయంత్రానికి నీరు చివరికి చేరింది. ఇంజనీరుగారి లెక్క ఎంతో నా లెక్కా అంతే. మహా అయితే గంటన్నర తేడా.

ఐదుసార్లు నడిపాను. ఐదుసార్లూ అదే. మాస్టారు తెరని చూస్తూ, "ప్రోగ్రాంలో తప్పేం కనపడట్లేదమ్మా. ఒకవేళ మీ నాన్నగారు..." అని ఆగిపోయారు. ఆగిపోయిన ఆ మాటకే నేను చెప్పులు మర్చిపోయింది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ సాయంత్రం బాపట్ల నుంచి తెనాలి దాకా, కిటికీ పక్కన కూర్చుని, నేను కూడా మా నాన్నని అనుమానించాను. ఎవరో బతిమాలితే ఒక తూము ఎత్తి ఉంటాడేమో, మా దగ్గర ఒప్పుకోలేక ఆ మాటే పదేపదే అంటున్నాడేమో అనుకున్నాను. తెనాలిలో దిగి రేపల్లె బండి కోసం బెంచీ మీద కూర్చున్నాక సిగ్గేసింది. మా నాన్న, దుకాణంలో పొరపాటున ఒకటి ఎక్కువ ఇచ్చారని తోటకూర కట్ట వెనక్కిచ్చే మనిషి. తప్పు లెక్కలో ఉంది. ఎక్కడుందో తెలియదు గాని, లెక్కలోనే ఉంది. కాగితాలు చూస్తే దొరకదు కాబట్టి కాలువనే చూడాలని ఆ బెంచీ మీద తీర్మానం చేసుకున్నాను.

మూడు రోజులు ఆగితే మళ్లీ శివారు వంతు. ఆ పొద్దున తెనాలిలో మా పిన్ని ఇంటి నుంచి బస్సెక్కి కాలువ మొదట్లో దిగాను. ఒక గొడుగు, ఒక నోటుపుస్తకం, స్కేలు. గట్టు మీద నడక మొదలుపెట్టాను.

మొదటి తూము తలుపు దించి ఉంది. హ్యాండిలు తీసేశారు. పుస్తకంలో ఒకటి, కట్టి ఉంది అని రాసుకుని ముందుకు పోబోతుంటే గలగలమని చప్పుడు వినిపించింది. వంగి చూశాను. తలుపు కింద నుంచి నీళ్లు పోతున్నాయి. ధారేమీ కాదు, పల్చగా, తూము వెడల్పునా పరిచినట్టు పోతున్నాయి.

తూము మీద అది చూసుకునే లస్కరే కూర్చుని ఉన్నాడు. కొల్లూరు మనిషి, మా నాన్నకి తెలిసినవాడే.

"బాబాయ్, తూము కట్టలేదా?" అన్నాను.

"కట్టే ఉంది గదమ్మాయ్."

"మరి ఈ నీళ్లు?"

"అయ్యా? అయి గొడ్లకి," అన్నాడు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేనట్టు సంచిలోంచి రెండు అరటిపళ్లు తీసి ఇచ్చాడు.

తలుపు కింద ఒక మూల ఇటుక పెచ్చు పెట్టి ఉంది. తలుపు దాని మీద ఆనింది. అందుకే అడుగు దాకా దిగలేదు. ఆ సందులోంచి పోయే నీరు పిల్లకాలువ పట్టుకుని ఊరి గొడ్ల కుంటలోకి పోతుంది. పైవాళ్ల వంతు లేని ఐదు రోజులూ గొడ్లు తాగేది ఆ నీళ్లే.

నేను తూము గోడ మీద కూలబడ్డాను. ఆ పెచ్చు నాకు కొత్త కాదు. ఏడేళ్ల వయసులో మా నాన్న వెంట తిరుగుతూ ఆ పెచ్చులు ఏరి ఇచ్చింది నేను. మా క్వార్టరు వెనక పడిపోయిన గోడ దగ్గర వెతికేదాన్ని. "రెండు వేళ్ల మందం చూడమ్మాయ్, మరీ లావైతే తిడతారు," అనేవాడు. నా వేళ్లు సన్నమని ఆయన వేళ్లు ఆనించి చూసుకునేవాడు. తలుపు దించేవాడు, పెచ్చు మీద టక్కున ఆగేది, హ్యాండిలు ఊడదీసి భుజాన వేసుకుని రిజిస్టర్లో కట్టాను అని రాసేవాడు. పదకొండు మందీ అలాగే రాసేవాళ్లు. అలా ఎన్నో ఏళ్లు చూసిన నేను, ఆ పెచ్చు నా చేత్తో ఇచ్చిన నేను, ప్రోగ్రాంలో సున్నా అని రాశాను. కాలువ ఎరగని వాడెవడైనా రాస్తే ముందు వెళ్లి తూము చూసేవాడు. గట్టు మీద పుట్టానని గదా, నాకు చూడక్కర్లేదనిపించింది.

ముందు నవ్వొచ్చింది. ఒక్కదాన్నే కూర్చుని నవ్వుతుంటే బాబాయి ఎండ దెబ్బేమోనని భయపడ్డాడు. ఆ తర్వాత ఏడుపొచ్చింది. రైల్లో నాన్నని అనుమానించినందుకు ఏడ్చాను. అరటిపళ్లు తిని లేచాను.

మూడు రోజుల్లో నలభై ఒక్క తూములూ చూశాను. మర తలుపు గాని, పలక గాని, గొట్టం మూత గాని, ముప్పై ఎనిమిదింటి కింద పెచ్చులున్నాయి. కొన్ని రెండు వేళ్లు, కొన్ని మూడు. ఒకచోట పగిలిన రుబ్బురోలు ముక్క ఉంది, ఆ ఊళ్లో గొడ్లు ఎక్కువట. ప్రతి సందూ స్కేలుతో కొలిచాను, పైన నీరు ఎంత లోతుందో రాసుకున్నాను. ఎవరూ దాచలేదు. ఎందుకు కొలుస్తున్నావని కూడా ఎవరూ అడగలేదు. లస్కరు కూతురు తూము కింద చెయ్యి పెడితే వాళ్లకి వింతేముంది?

బాపట్ల వెళ్లి చేసిన మొదటి పని, తల్లి క్లాసులోంచి ఆ సున్నా పీకేయడం. సున్నా బదులు ఇంకో అంకె పెట్టలేదు. అసలు అక్కడ జవాబే లేకుండా చేశాను. తల్లి దగ్గర జవాబు లేకపోతే ప్రతి పిల్లా తను ఎలా కడుతుందో తనే రాసి తీరాలి. ఒక్కటి రాయకపోయినా, ప్రోగ్రాంని సరిచూసే కంపైలర్ ఒప్పుకోదు, పేరు పెట్టి మరీ అడుగుతుంది. మాస్టారు చూసి, "ఇప్పుడు వారసత్వంగా ఏం మిగిలినట్టు?" అన్నారు. "కట్టాలన్న బాధ్యతండి," అన్నాను. ఆయనకి ఆ మాట నచ్చి రెండు తరగతుల్లో చెప్పుకున్నారని తర్వాత తెలిసింది.

పెచ్చు తూము అని కొత్త క్లాసు రాశాను. దానికి పెచ్చు మందం చెబితే చాలు, పైన ఉన్న నీటి లోతుని బట్టి సందులోంచి ఎంత పోతుందో అదే చెబుతుంది. కాలువ వైపు ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన పని రాలేదు. అది ఎప్పటిలాగే కట్టు అంటోంది. ముప్పై ఎనిమిది చోట్ల కొంచెం కొంచెం. శివారు వంతు నడిపాను. రెండో రోజు, కాలువ చివర పొడి. మూడు, పొడి. నాలుగు, పొడి. ఐదో రోజు పొద్దుగూకే వేళకి చివరి ముక్కలో మట్టి తడిసేంత నీరు.

అచ్చం జరిగినట్టే. మా నాన్న మూడు తూముల కింద పెచ్చులు తీసేసి మళ్లీ నడిపాను. నీరు రెండు గంటలు ముందు వచ్చింది. ఐదు రోజుల కరువులో ఆయన వాటా రెండు గంటలు.

ఆ శనివారం ఇంటికి ఎగిరినట్టే వెళ్లాను. అన్నం ముందు కూర్చున్న నాన్నకి అంతా చెప్పాను. ఆయన వింటూ వింటూ చెయ్యి కడిగేసుకున్నాడు.

"ఎవరెవరి తూముల కింద ఎంతెంత ఉందో అంతా రాశావా?"

"రాశాను."

"ఇప్పుడు మెమో నా ఒక్కడికే ఉంది. నువ్వది తీసుకెళ్లి చూపిస్తే పదకొండు అవుతయ్."

"నీ తప్పు లేదని తేలుతుంది గదా నాన్నా."

"పెచ్చులు తీసెయ్యమంటారు. తీస్తే ఈ ఎండలకి గొడ్లు ఏం తాగుతయ్? నేను పోతే పోతా. కట్టానని చెప్తా, అంతే. ఆ కాగితాలు పొయ్యిలో పెట్టు."

నా మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు బాగా తెలిసింది. "నిన్ను దొంగంటే నేను ఊరుకోను," అన్నాను. "పదిమందిని పట్టిస్తే నేనూరుకోను," అన్నాడు. ఆదివారమంతా ఇద్దరం మాట్లాడుకోలేదు. అమ్మ మధ్యలో తిరుగుతూ, "ఆయన చెప్పింది నిజమే గదే. నువ్వు చెప్పిందీ నిజమే," అని, ఇద్దరికీ విడివిడిగా చేపల పులుసు వడ్డించింది.

తిరుగు రైల్లో అనుకున్నాను. ఇద్దరిదీ నిజమే అయితే నా ప్రోగ్రాంలో ఇంకా ఏదో లేదన్నమాట. ఏం లేదో తెనాలి రాకముందే తట్టింది. గొడ్లు లేవు. పెచ్చు ఎందుకుందో నా ప్రోగ్రాంకి తెలియదు. దాని లెక్కలో అది వట్టి కారడం, పలక సందు లాంటిదే. ఆ వారం ప్రోగ్రాంలో ప్రతి పెచ్చు తూము కిందా ఒక కుంటని కట్టాను. రోజూ ఎండకి కొంత పోతుంది, గొడ్లు కొంత తాగుతాయి, సందులోంచి కొంత వస్తుంది. తూముల నంబర్లు తెర మీద పడకుండా తీసేశాను. మొత్తం నీరు, చివరి కొలబద్ద, ఎండిన కుంటలు, ఇవే కనిపిస్తాయి. నంబర్లతో కనిపించేవి మా నాన్న మూడూ మాత్రమే. నోటుపుస్తకం నిజంగానే మా పొయ్యిలో పెట్టాను. నాన్న చూస్తుండగానే పెట్టాను. "ఇప్పుడు విచారణకి రానిస్తావా?" అన్నాను. ఆయన చొక్కా తగిలించుకున్నాడు.

తెనాలి ఆఫీసులో ఒక కంప్యూటర్ ఉంది. దానికి పువ్వుల గుడ్డతో కుట్టిన ముసుగు. ఉత్తరాలు కొట్టడానికి తప్ప దాన్ని తెరిచేవాళ్లు కాదు. విచారణ రోజున ఫ్లాపీ పట్టుకుని నేను, తువ్వాలు భుజాన వేసుకుని నాన్న. ఇంజనీరుగారు చెడ్డ మనిషి కాదు, తన లెక్క మీద తనకి గట్టి నమ్మకం ఉన్న మనిషి. కూర్చోమన్నా నాన్న కూర్చోలేదు, తలుపు పక్కన నిలబడ్డాడు.

మొదట సున్నాలతో నడిపాను. రెండో రోజు సాయంత్రం.

"నేను చెప్పింది అదేగా," అన్నారు ఇంజనీరుగారు.

"అవునండి. ఇది కాగితం మీద కాలువ. ఇప్పుడు గట్టు మీద కాలువ చూడండి," అని రెండోసారి నడిపాను. నీరు చివరికి చేరేసరికి ఐదో రోజు పొద్దుగూకింది. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"తేడా ఏంటి?"

"తూము తలుపుల కింద గొడ్ల కోసం ఇటుక పెచ్చులుంటాయండి."

"ఎవరి తూముల కింద?"

"మా నాన్న మూడు తూముల కిందా ఉన్నాయండి. చిన్నప్పుడు ఆ పెచ్చులు ఏరిచ్చింది నేనే."

"మిగతావి?"

"అవి చెప్పనండి."

గదిలో గుమాస్తా రాయడం ఆపేశాడు. నాన్న నేల చూస్తున్నాడు. ఇంజనీరుగారి ముఖం కందింది. "ప్రభుత్వ కాలువమ్మా అది. వివరాలు దాచకూడదు."

"దాచిందేం లేదండి. గట్టు మీద నడిస్తే ఎవరికైనా కనపడతయ్. నేను మూడు రోజులు నడిచాను."

ఆయన ఎన్నేళ్లుగా నడవలేదో నాకు తెలియదు. కాసేపటికి, "పెచ్చులన్నీ తీసేయిస్తే సరి," అన్నారు. "తీసి చూద్దామండి," అని మూడోసారి నడిపాను. నీరు రెండో రోజుకే చేరింది. నాలుగో రోజు నుంచి తెర పక్కన కుంటలు ఒక్కొక్కటీ ఎండిపోవడం మొదలైంది. ఐదో రోజుకి పందొమ్మిది. ఆయన వాటిని వేలితో లెక్కపెట్టారు.

"పెచ్చులుంచి, శివారు వంతుకి మూడు రోజులు కలిపితే?" అని ఆయనే అడిగారు. కలిపాను. శివారుకి మూడు రోజులు నిండుగా పారింది, ఒక్క కుంటా ఎండలేదు. ఆ తర్వాత కీబోర్డు నా చేతిలోంచి తీసుకుని అంకెలు ఆయనే మార్చడం మొదలుపెట్టారు. రెండు రోజులు కలిపి చూశారు, నాలుగు కలిపి చూశారు, పైన నీరు తగ్గించి చూశారు. ఎన్నిసార్లు మార్చినా అది మొరాయించలేదు. ఏ తూము సంగతి ఆ తూము దగ్గరే ఉంది మరి. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది.

చివర్న నాన్న వైపు తిరిగారు. "పెచ్చు పెట్టి కూడా కట్టాను అని ఎట్టా రాశావు?"

"నాకు పని నేర్పినాయన కట్టడమంటే అట్టాగే చూపించాడండి," అన్నాడు నాన్న. "ఆయనకి నేర్పినాయనా అంతేనంట."

నా తల్లి క్లాసు పిల్లలకి సున్నా ఇచ్చినట్టే, వీళ్లకి వారసత్వంగా వచ్చింది ఆ పెచ్చు. ఇంజనీరుగారు వెళ్లమన్నారు.

వారం తర్వాత కొల్లూరు బాబాయి మా ఇంటికొచ్చి ఒక కబురు చెప్పాడు. ఇంజనీరుగారు గొడుగేసుకుని గట్టు మీద నడిచారట. తూము తూముకీ వంగి తలుపు కింద చూశారట. ఎవర్నీ ఒక్క మాట కూడా అనలేదట. ఆ మాట విన్నాక నాన్నకి నిద్ర ఇంకా తగ్గింది. మర్నాడో ఎల్లుండో పది మెమోలు వస్తాయని ఎదురుచూశాడు. నా మొహం చూడటం మానేశాడు. నేను గెలిచానో, ఆయన్ని పదిమంది ముందు తలెత్తుకోలేకుండా చేశానో ఆ రోజుల్లో నాకూ తెలియలేదు.

కవరు శనివారం వచ్చింది. ఒకటే వచ్చింది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి నేను విప్పేదాకా తాకకుండా బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. అమ్మ తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను తెలుగులో చెప్పుకుంటూ చదివాను. తూములు కాలువ వాడుక ప్రకారం సక్రమంగా కట్టి ఉన్నట్టు స్వయంగా చూసిన మీదట తేలింది. ఇచ్చిన మెమో రద్దు చేయడమైనది. ఇక నుంచి శివారు వంతు ఎనిమిది రోజులు.

అమ్మ ముసుగేసుకుని అక్కడే ప్రార్థనకి కళ్లు మూసుకుంది. నాన్న కాగితం వైపు చెయ్యి చూపించాడు.

"మిగతావాళ్ల పేర్లు ఉన్నయ్యా అందులో?"

"లేవు నాన్నా."

"పెచ్చులు తీసెయ్యమన్నారా?"

"లేదు. ఆ మాటే లేదు."

"వెనక కూడా చూడు."

కాగితం తిప్పి చూపించాను. వెనక ఏమీ లేదు. అప్పుడు కుర్చీ ముందుకు జరిపి, రెండు చేతులూ బల్ల మీద పెట్టి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి తిన్నగా నా మొహంలోకి చూశాడు.

"కట్టి ఉన్నట్టు తేలిందని చదివావే, అక్కణ్ణించి మళ్లీ చదువు," అన్నాడు.